మెదడులో కాల్షియం పేరుకునే జబ్బుకు మందు పరీక్షలు మన దగ్గర ఎప్పుడు?

గౌరవనీయులైన ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

వరంగల్ కొత్తవాడ నుండి నమస్కరించి రాస్తున్నాను. రెండేళ్లలో నేను పంపుకున్న నాలుగు అర్జీలకు రసీదులు తప్ప జవాబు రాలేదు కనుక, ఈసారి పదిమంది ముందూ రాయవలసి వచ్చింది.

మా నాన్నది ఫార్ వ్యాధి, అంటే మెదడులో కాల్షియం పేరుకుపోయే జబ్బు. నలభై ఏళ్లు మగ్గం మీద జంపఖానాలు నేసిన ఆయన చేయి ఇప్పుడు అన్నం ముద్దను నోటిదాకా తీసుకుపోలేకపోతోంది. చేయి వణికితే వయసు అనుకున్నాము. మాట ముద్దగా వస్తే తాగి వచ్చాడని అనుమానపడ్డాము, ఆ మాటకు నేను ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను. ఊరికే కోపం తెచ్చుకుంటుంటే గాలి సోకిందన్నవారూ ఉన్నారు. చివరకు సీటీ స్కాన్‌లో మెదడుకు రెండు పక్కలా సున్నం ముద్దల్లా తెల్లని మచ్చలు కనిపించాయి. వణుకుకూ, ఫిట్స్‌కూ, నిద్రకూ బిళ్లలు రాశారు గాని, కాల్షియం పేరుకోవడాన్ని ఆపే మందు లేదన్నారు. అందులో వైద్యుల తప్పు లేదు. ఆపుతుందని రుజువైన మందు ప్రపంచంలోనే ఇంకా లేదు.

అయితే వెతికేవారు ఉన్నారు. 2012లో ఎస్‌ఎల్‌సీ20ఏ2 జన్యువుతో మొదలై ఈ వ్యాధి కారణాలు ఒక్కొక్కటిగా బయటపడ్డాయి. నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్‌లో ఎటిడ్రోనేట్ అనే పాత ఎముకల మందును, కొందరికి మందూ కొందరికి ఉత్త బిళ్లా ఇచ్చి పోల్చి చూసే పరీక్ష చేపట్టారు. పాత మందు మీద కొత్త లాభం ఉండదు కనుక దాని కోసం మన దగ్గర ఏ కంపెనీయో ముందుకు వస్తుందని నేను ఆశించడం లేదు. అందుకే ప్రభుత్వాన్ని అడుగుతున్నాను. మేమే కొని వేసుకుందామంటే, మోతాదు మించితే అది ఎముకలనే మెత్తబరచగలదు. మాకు కావలసింది గుడ్డిగా మింగే బిళ్ల కాదు, వైద్యుల కనుసన్నలలో జరిగే పరీక్ష.

దేశంలో 5 లక్షల మందికి మించని వ్యాధుల మందులకు కొత్త మందుల, క్లినికల్ ట్రయల్స్ 2019 నిబంధనలు మందు పరీక్ష దరఖాస్తు రుసుమును మాఫీ చేశాయి. అరుదైన వ్యాధుల జాతీయ విధానం 2021 కింద చికిత్సకు 50 లక్షల రూపాయల వరకు సాయం ఉంది. కానీ ఆ విధానపు జాబితాలో మా వ్యాధి పేరే లేదు. మందే లేని వ్యాధికి చికిత్స ఖర్చు ఇస్తామన్నా మాకు ఒరిగేదేమిటి? ముందు పరీక్ష జరగాలి, దానికి ముందు మేము ఎందరమో ఎవరైనా లెక్కపెట్టాలి. ఆ లెక్కే లేకపోతే పరీక్షకు మనుషులు దొరకరని రేపు మళ్లీ మాకే చెబుతారు.

ఈ వ్యాధి చాలా కుటుంబాలలో తల్లి లేదా తండ్రి నుండి ప్రతి బిడ్డకూ సగానికి సగం వచ్చే అవకాశంతో దిగుతుంది. మా అన్నకు ముప్పై ఆరేళ్లు. ఈ మధ్య సంతకం పెట్టేటప్పుడు కుడి చేతిని ఎడమ చేత్తో పట్టుకుంటున్నాడు. నేను ఇంకా స్కాన్ చేయించుకోలేదు. చేయించుకుని ఏం చేయాలో చెప్పేవారు లేరు.

దయచేసి రోగుల వివరాలు నమోదు చేయించండి, మన రాష్ట్రంలో ఒక్క ఆసుపత్రిలోనైనా ఈ మందు పరీక్ష మొదలుపెట్టించండి. ఏ రోజు రమ్మంటే ఆ రోజు నాన్ననూ, అన్ననూ వెంటబెట్టుకుని కాజీపేటలో రైలెక్కుతాము.

భవదీయుడు,
ఒక నేత కార్మికుని కుమారుడు,
వరంగల్