మంత్రి గారూ, శాలువా కరిగిస్తే వెండి రాదు

గౌరవనీయులైన మంత్రి గారికి, కరీంనగర్ నుంచి ఒక వెండి తీగ పనివాడు నమస్కరించి రాసుకుంటున్న లేఖ.

ఇది నా ఐదో అర్జీ. మొదటి నాలుగింటికీ రసీదులున్నాయి, జవాబులు లేవు. అందుకే ఈసారి కవరులో పెట్టకుండా నలుగురి ముందే రాస్తున్నాను. తప్పయితే మన్నించండి.

చేతివృత్తులవాళ్లకు శిక్షణ, అప్పు ఇచ్చే కేంద్రం వారి విశ్వకర్మ పథకం గురించి మీకు నేను చెప్పేదేముంది? కార్డు వచ్చింది, సర్టిఫికెట్ వచ్చింది. రోజుకు 500 ఇచ్చి శిక్షణకూ పిలిచారు. 36 ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నవాణ్ణి. శిక్షణ ఇవ్వడానికొచ్చిన అబ్బాయి రెండో రోజే కుర్చీ నా పక్కకు జరుపుకొని, "అంకుల్, ఈ తీగ ఇంత సన్నగా ఎట్ల తీస్తరు?" అని అడిగాడు. చూపించాను. ఆ 500 ఎవరు ఎవరికి ఇవ్వాలో మీరే తేల్చండి. సరే, దానిమీద నాకు పేచీ లేదు. నా బాధంతా వెండి గురించే.

2023 సెప్టెంబరులో పథకం మొదలైనప్పుడు మొదటి విడత లక్ష రూపాయల అప్పుతో కిలో వెండి కొంటే ఇంకా డబ్బు మిగిలేది. ఆ తర్వాత కిలో లక్ష దాటింది, దాటి ఊరుకోలేదు. అప్పు మాత్రం ఆ లక్ష దగ్గరే కూర్చుంది. పోనీ, ఆ లక్షయినా చేతికొచ్చిందా? బ్యాంకుకు తొమ్మిదిసార్లు తిరిగాను. పూచీ అక్కర్లేదని మీ కాగితంలోనే ఉంది. మేనేజరు గారు మాత్రం "షూరిటీ ఎవరు?" అన్నారు. కాగితం చూపిస్తే, "అది ఢిల్లీ మాట, ఇది బ్రాంచి" అన్నారు. తర్వాత సిబిల్ స్కోరు అన్నారు. చివరిసారి నా మొహం చూసి జాలిపడి, "ఇంట్లో బంగారం ఉంటే తీసుకురండి, అరగంటలో గోల్డ్ లోన్ చేసేద్దాం" అన్నారు. కంసాలి ఇంట్లో బంగారం ఉంటుందనుకోవడం ఆయన తప్పు కాదు. మా ఆవిడ పుస్తెలతాడు అప్పటికే ఆ బ్రాంచిలోనే ఉంది, పాప ఫీజు కింద.

ఒక అధికారికి ఇదంతా చెప్పుకుంటే, "కొత్త వెండి ఎందుకయ్యా, పాత పట్టీలు కరిగించి చేసుకోవచ్చు కదా" అని సలహా ఇచ్చారు. సార్, పట్టీల వెండిలో రాగి కలుస్తుంది. ఆ కడ్డీని కమ్మచ్చులో, అంటే తీగ లాగే కన్నాల పలకలో, పెద్ద కన్నాల వరకు ఎలాగో లాగొచ్చు. సన్నం చేసేకొద్దీ పుటుక్కున తెగుతుంది. రెండు సన్నటి తీగలు కలిపి పురిపెట్టి, చదును చేసి, గోరంత చుట్టలు చుట్టి చట్రంలో ఒక్కొక్కటే పేర్చాలంటే మెత్తటి మేలిమి వెండే కావాలి. గురివింద గింజ అరగదీసిన జిగురుతో నిలబెట్టి, వెలిగారం వేసి, ఊదుగొట్టంతో మంట ఊదుతాం. ఊపిరి కాస్త ఎక్కువైతే వారం రోజుల పని ముద్ద అయిపోతుంది. ఇంత చేసేవాడికి ఎలాంటి వెండి కావాలో తెలియదా?

సొంత వెండి లేనివాడి బతుకు ఎట్లుంటుందో కూడా చెప్పాలి. షావుకారు తూచి ఇస్తాడు, తూచి తీసుకుంటాడు. తరుగు మా నెత్తిన, లాభం ఆయన గల్లాలో, మజూరి ఆయన దయ. అత్తర్‌దాన్, పాన్‌దాన్ లాంటి పెద్ద వస్తువులు నేను చేసి ఎన్నాళ్లయిందో. అన్నీ ఉంగరాలు, కీచైన్లే. చిన్న వస్తువుకు చిన్న తూకం చాలు మరి.

ఇంకొక సారు ఫోన్‌లో ఇటలీలోని సార్డీనియా దీవి పెళ్లి ఉంగరాలు చూపించి, "మీ పని లాంటిదే, చూడండి, అక్కడివాళ్లు ప్రపంచమంతా అమ్ముతున్నారు" అన్నారు. చూశాను. అదే తీగ, పైన గింజల్లాంటి వెండి పూసలు. చక్కటి పని, దండం పెట్టాలనిపించింది. మేమూ ప్రపంచానికి అమ్ముతాం సార్. ముందు అమ్మడానికి సరుకుండాలి, సరుకుకు వెండి ఉండాలి. చూశారా, ఎటు తిరిగినా అక్కడికే వస్తున్నాను.

2007లో మా ఫిలిగ్రీకి, అంటే ఈ వెండి తీగ పనికి, ఇది ఈ ఊరి పనేనని చెప్పే జీఐ గుర్తింపు వచ్చింది. 2023లో జీ20 అతిథుల కోసం వెండి అశోకచక్రం బ్యాడ్జీలు చేసింది మా ఊరివాళ్లే. చప్పట్లు, ఫొటోలు, శాలువాలు. మా ఇంట్లో ఏడు శాలువాలున్నాయి. చలికాలం వాటితో ఇబ్బంది లేదు.

1905లో జిల్లా కచేరీ ఎలగందుల నుంచి కరీంనగర్‌కు మారితే, మా పెద్దలు కుంపట్లు ఎత్తుకుని దాని వెంటే వచ్చారట. మేం ఇంకా కచేరీ చుట్టూనే తిరుగుతున్నాం.

అప్పు రూపాయల్లో కాదు, తూకంలో ఇవ్వండి. అరకిలో ఇస్తే అరకిలో తిరిగి కడతాం, వడ్డీ కూడా గ్రాముల్లోనే వేసుకోండి. లేదంటే ఒకప్పుడు వేదిక మీద మాకు మాట ఇచ్చిన ముడి వెండి డిపో అయినా తెరవండి. అదీ కాదంటే బ్యాంకువాళ్లకు ఒక్క ఫోనైనా చేయండి. ఏదో ఒకటి చేయండి సార్.

వచ్చే నెల మీరు మా జిల్లాకు వస్తున్నారని, మీకు జ్ఞాపికగా ఇవ్వడానికి వెండి నెమలి చేయమని నాకు కబురొచ్చింది. మజూరి తర్వాత చూద్దామన్నారు. వెండి ఊసు ఎవరూ ఎత్తలేదు. ఉన్నదాంతో తల, మెడ, ఒళ్లు అయ్యాయి. తోకకు చాలలేదు. తోక లేని నెమలి చేతికొస్తే ఏమీ అనుకోకండి.

ఇట్లు,
ఒక వెండి తీగ పనివాడు,
కరీంనగర్