సంగీత విభాగం వార్షిక నివేదిక: డెబ్బైల ప్రేమపాటలతో ఒక ఏడాది

సభ్యులందరికీ నమస్కారం.

దక్షిణ కాలిఫోర్నియాలోని మన తెలుగు కుటుంబాల సంఘం సంగీత విభాగం తరఫున ఈ ఏడాది నివేదిక మీ ముందు ఉంచుతున్నాను. కిందటి సర్వసభ్య సమావేశంలో అనుకున్నట్టే ఈసారి మనం ఉంటున్న నేల మీద మోగిన పాటలు విన్నాం. 1970ల నాటి అమెరికా, ఇంగ్లండ్ సాఫ్ట్ రాక్ (హోరు లేకుండా మెత్తగా సాగే రాక్) ప్రేమపాటలు. నెలకో సాయంత్రం కలుసుకున్నాం. ముందు చిన్న పరిచయం, తర్వాత పాట, ఆ తర్వాత టీ, కబుర్లు. వేసవి సెలవుల్లో మాత్రం ఆపాం.

"ఆ పాటలు మనకెందుకండీ?" అని మొదట్లో కొందరు పెద్దవాళ్లు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. మొదటి సాయంత్రం కారెన్, రిచర్డ్ అనే అన్నాచెల్లెళ్ల జంట కార్పెంటర్స్ పాడిన 'క్లోజ్ టు యూ' వినిపించాం. బర్ట్ బాకరాక్ బాణీ, హాల్ డేవిడ్ మాటలు. 1970లో ఇక్కడ నాలుగు వారాలు మొదటి స్థానంలో నిలిచిన పాట. కారెన్ కార్పెంటర్ ఎక్కడా గొంతు పెంచదు. మంద్రస్థాయిలో, పక్కన కూర్చుని చెబుతున్నట్టు పాడుతుంది. వెనక వినబడే బృందగానం నిజానికి ఆ అన్నాచెల్లెళ్ల రెండు గొంతులే. పాడిందే మళ్లీ మళ్లీ పాడి, పొరలుగా పేర్చారు. పాట అయ్యాక విజయవాడలో పెరిగిన ఒక పెద్దావిడ, "ఇది మన రేడియో లలిత సంగీతమేనమ్మా" అన్నారు.

ఆ మాట ఏడాదంతా మాకు దారి చూపించింది. సాఫ్ట్ రాక్ అనే పేరుకి అంతకంటే మంచి తెలుగు నాకు తోచలేదు. విజయవాడ ఆకాశవాణిలో బాలాంత్రపు రజనీకాంతరావు గారి వంటివాళ్లు పెంచిన లలిత గీతం కూడా సభను ఉద్దేశించి పాడేది కాదు. రేడియో పక్కన చెవి ఒగ్గి కూర్చున్న ఒక్క మనిషికి పాడేది. అమెరికాలో ఆ మనిషి కారులోనో, పడకగదిలోనో ఎఫ్‌ఎం స్టీరియో వింటూ ఉన్నాడు. ఆ పాటలు ఇన్నేళ్లు నిలవడానికి అసలు కారణం ఈ దగ్గరితనమేనని నా నమ్మకం. ఎంతమంది విన్నా, ప్రతి ఒక్కరికీ అది తనకోసమే పాడినట్టు ఉంటుంది.

పిల్లలకు బాగా నచ్చింది మాత్రం వర్క్‌షాప్. 1975లో వచ్చిన 'ఐయామ్ నాట్ ఇన్ లవ్' పాటను 10సీసీ బృందం మాంచెస్టర్ దగ్గరి స్టాక్‌పోర్ట్‌లో రికార్డు చేసింది. ముగ్గురు కలిసి ఒక్కో స్వరాన్ని 16 సార్లు పాడి, ఒక్కో స్వరానికి 48 గొంతులు పోగు చేశారు. వాటిని గుండ్రంగా తిరిగే టేపు ముక్కల మీదకెక్కించి, మిక్సింగ్ బల్ల మీది మీటలను పైకీ కిందకీ జరుపుతూ వాయిద్యంలా వాడుకున్నారు. కంప్యూటర్ లేని రోజుల్లో ఆ ఓపికను తలుచుకుంటే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. మేమూ ప్రయత్నించాం. వచ్చినవాళ్లందరం వరసగా "ఆ" అంటూ ఒకే స్వరం పట్టాం, పిల్లలు లాప్‌టాప్‌లో పేర్చారు. శ్రుతి అక్కడక్కడా జారినా, స్పీకర్లో వినిపించగానే హాలంతా నిశ్శబ్దమైపోయింది. ఇక ఆ పాటలో మనిషి తనకు ప్రేమే లేదని పదే పదే చెప్పుకుంటాడు. ఈ బింకం మనవాళ్లకు విడమరిచి చెప్పాల్సిన పనే పడలేదు.

ఏడాదిలో మరిచిపోలేని సాయంత్రం 'ఎవ్రీథింగ్ ఐ ఓన్'ది. బ్రెడ్ బృందం 1972 పాట. సంగతి చెప్పకుండా ముందు పాట వినిపించాం. విడిపోయిన ప్రియురాలి కోసమని అందరూ అనుకున్నారు. డేవిడ్ గేట్స్ దాన్ని చనిపోయిన తన తండ్రిని తలుచుకుని రాశారని అప్పుడు చెప్పాం. మళ్లీ వెయ్యమన్నారు. రెండోసారి అయ్యాక ఒక సభ్యుడు లేచారు. నాన్నగారు పోయినప్పుడు సమయానికి టికెట్ దొరక్క తెనాలి చేరలేకపోయానని, ఫోన్ చేసిన ప్రతిసారీ "తిన్నావా నాన్నా" అని ఆయన అడిగేవారే తప్ప, తను ఆయనకు ఒక్క మంచి మాట చెప్పింది లేదని అన్నారు. అంతకంటే మాట్లాడలేక కూర్చున్నారు. ఆ తర్వాత ఒకరి వెంట ఒకరు మాట్లాడారు. ఇదే పాట 1974లో జమైకా గాయకుడు కెన్ బూత్ గొంతులో, 1987లో బాయ్ జార్జ్ గొంతులో బ్రిటన్‌లో మొదటి స్థానానికి వెళ్లింది. ఆ రెండూ కూడా వినిపించాం. హాలు మూసే వేళ దాటిపోయింది.

ఫ్లీట్‌వుడ్ మ్యాక్ బృందం పాటల సాయంత్రం హాలు బుకింగ్ చివరి నిమిషంలో రద్దయింది. కాస్త టెన్షన్ పడ్డాం గానీ, ఒక సభ్యుడి గ్యారేజీలో కుర్చీలు వేసుకుని కానిచ్చాం. 1977లో విడుదలై, మొత్తం 31 వారాలు అమెరికాలో మొదటి స్థానంలో ఉన్న 'రూమర్స్' ఆల్బమ్ మాకు పాత జ్ఞాపకమైతే, అందులోని 'డ్రీమ్స్' పాట మన హైస్కూలు పిల్లలకు అప్పటికే కంఠతా వచ్చు. 2020లో స్కేట్‌బోర్డు మీద వెళ్తూ ఒకాయన పెట్టిన వీడియోతో ఆ పాట మళ్లీ చార్టుల్లోకి వచ్చింది. పెద్దలూ పిల్లలూ కలిసి పాడింది ఆ ఒక్క రోజే. అలాంటి సాయంత్రాలు ఇంకా పెట్టాల్సింది. ఆ లోటు మాదే.

జమాఖర్చుల వివరాలు కోశాధికారి విడిగా సమర్పిస్తారు. టీ, ఫలహారాలు చూసుకున్న కుటుంబాలకు, స్పీకర్లు మోసిన కుర్రాళ్లకు కృతజ్ఞతలు.

వచ్చే ఏడాది ఈ రెండు లలిత సంగీతాలనూ పక్కపక్కన పెట్టి వినాలని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. రేడియో వింటూ పాటలు రాసుకున్న పాత నోటుపుస్తకాలు, ఇంట్లో టేప్‌రికార్డర్‌తో పట్టుకున్న క్యాసెట్లు ఎవరి దగ్గరైనా ఉంటే దయచేసి సమావేశానికి తీసుకురండి. క్యాసెట్ ప్లేయర్ మేం సిద్ధంగా ఉంచుతాం.

కార్యదర్శి, సంగీత విభాగం