జూకు కొత్త జంతువు వచ్చిందని రాసేటప్పుడు ఇంకో నాలుగు మాటలు రాయండి

సంపాదకులకు నమస్కారం.

నేను తిరుపతిలో టూరిస్టు కారు నడుపుతాను. మాది పేరూరు. దర్శనం చేసుకుని కొండ దిగిన యాత్రికులను కపిలతీర్థం, శ్రీనివాస మంగాపురం, చంద్రగిరి కోట తిప్పడం నా పని. పిల్లలున్న కుటుంబమైతే శ్రీ వేంకటేశ్వర జూ పార్కు కూడా అడుగుతారు. స్టాండులో బేరం కోసం కూర్చున్నంతసేపూ మీ పత్రిక జిల్లా పేజీలు చదువుతాను. జూ గురించి మీరు రాసింది మర్నాటికల్లా నా కారులో ఎక్కి కూర్చుంటుంది కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

'జూకు కొత్త అతిథులు' అని అప్పుడప్పుడూ పెద్ద ఫొటోతో వార్త వస్తుంది. ఫలానా ఊరి జూ నుంచి ఇన్ని వచ్చాయి, ఇక్కడి నుంచి ఇన్ని పంపించారు, అధికారులు సంతోషం వ్యక్తం చేశారు. అంతటితో వార్త అయిపోతుంది. యాత్రికులు దాన్ని ఫోనులో చూసి "డ్రైవరన్నా, ఇది చూడాల" అంటారు. వేసవి సెలవుల్లో నెల్లూరు నుంచి వచ్చిన ఒక కుటుంబం అట్లాగే ఎక్కింది. వాళ్ల పాప అలిపిరి దాటినప్పటి నుంచీ ఆ జంతువు పేరే జపం చేసింది. తీరా లోపల ఎంత తిరిగినా అది కనబడలేదు. బయటికొచ్చి పాప ఒకటే ఏడుపు. వాళ్ల నాన్న నామీద, పత్రిక మీద, జూ మీద అందరిమీదా కోపం చేసుకున్నాడు. జంతువు రావడం నిజమే, లోపల ఉండడమూ నిజమే. కానీ అది క్వారంటైన్‌లో ఉంది. ఆ ఒక్క మాట వార్తలో లేదు.

కొత్తగా వచ్చిన జంతువును ఏ జూలోనూ నేరుగా జనం ముందుకు వదలరు. కనీసం నెల రోజులు మిగతావాటికి దూరంగా ఉంచుతారు. పెంట, రక్తం పరీక్షలు చేస్తారు, మేత తింటోందా లేదా కనిపెట్టి చూస్తారు. లారీలో వందల మైళ్లు ఊగుతూ వచ్చిన ప్రాణికి నీళ్లు కొత్త, ఎండ కొత్త, అన్నం పెట్టే మనిషి కొత్త. ఆ బెదురులో ఒంట్లో దాగిన రోగం పైకి తేలుతుంది. మా నాన్న సంతలో ఆవును కొనుక్కొస్తే కొన్నాళ్లు పాత పశువుల పక్కన కట్టనిచ్చేవాడు కాదు, గాలికుంటు (నోట్లో, కాళ్లకు పుండ్లు పడే అంటురోగం) భయం. జూలో దుప్పులకు, కణుజు జింకలకు, అడవిదున్నలకు కూడా అదే గాలికుంటు వస్తుంది. ఈ సంగతి వార్తలో ఉంటే నెల్లూరాయన ఇంకో నెల ఆగి వచ్చేవాడు, లేదా వచ్చినా పాపకు ముందే చెప్పి తెచ్చేవాడు. పల్లెల్లో పశువులున్న వాళ్లు ఈ విషయాన్ని ఒక్క ముక్కలో అర్థం చేసుకుంటారు. మనం చెప్పకపోవడమే లోపం.

ఇంకొకటి, వచ్చిన జంతువు ఎందుకొచ్చిందో రాయండి. జూలు జంతువులను మార్పిడి చేసుకోవాలంటే కేంద్ర జూ అథారిటీ ముందస్తు అనుమతి కావాలి, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలోనే ఆ నిబంధన ఉంది. అయితే అన్నీ మార్పిడి మీద వచ్చినవి కావు. పులులు, సింహాలు, ఎలుగుబంట్లు, కోతులతో సర్కస్ చేయించకూడదని 1998లో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. 2001లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ఆ తర్వాత సర్కస్ డేరాల నుంచి విడిపించిన సింహాలను, పులులను తెచ్చి పెట్టిన చోట్లలో మన తిరుపతి జూ ఒకటి. బతుకంతా ఇనుప బండ్లలో గడిపిన ముసలి సింహాలకు చివరి రోజుల్లో కాళ్లు చాచుకునే చోటిచ్చిన ఊరు మనది. ఇది నేను చెబితే హైదరాబాదు నుంచి వచ్చినవాళ్లు కూడా ఆశ్చర్యపోతారు. మన ఊరి పిల్లలకే తెలియదు. నాకు ఇది చాలా బాధగా ఉంటుంది.

చిరుతల సంగతి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఆరేళ్ల పసిబిడ్డను చిరుత పొట్టనబెట్టుకుంది. ఆ వారం మా స్టాండులో ఎవరికీ నోట మాట రాలేదు. తర్వాత బోన్లు పెట్టి ఒకదాని వెంట ఒకటి చిరుతలను పట్టి జూకు తెచ్చారు. ఇప్పటికీ చిరుత ఎన్‌క్లోజర్ దగ్గర జనం "ఇదేనా ఆ బిడ్డను తిన్నది?" అని వేలు చూపిస్తారు, కొందరు అరుస్తారు. బోనులో పడిన ప్రతి చిరుతా ఆ పని చేసింది కాదు కదా. అడవిలో తిరగాల్సినది జాగ్రత్త కోసం ఇక్కడికి వచ్చింది. అన్నట్టు జూలో జంతువును ఏడిపించినా, తిండి విసిరినా శిక్ష ఉంటుందని ఆ వన్యప్రాణి చట్టంలోనే ఉంది. ఏటా ఒక్కసారైనా మీ పత్రికలో అది బాక్సు కట్టి వేయాలని నా కోరిక.

ఇక తెల్లపులి. జనం ఎక్కువసేపు నిలబడేది దాని ముందే. అందంగా ఉంటుంది, నేనూ చూస్తాను. కానీ దాన్ని అంతరించిపోతున్న అరుదైన జాతి అని రాయకండి. అది వేరే జాతి కాదు. తల్లీతండ్రీ ఇద్దరి వైపు నుంచీ ఒక జన్యులోపం కలిస్తే మామూలు పులికి పుట్టే తెల్లపిల్ల. 1951లో మధ్యప్రదేశ్‌లోని రీవా అడవుల్లో పట్టిన మోహన్ అనే తెల్ల పులిపిల్ల సంతతే ఎక్కువగా జూలలో పెరిగింది. ఆ రంగు పోకుండా దగ్గరి రక్తసంబంధంలోనే జతకట్టించడంతో మెల్లకన్ను లాంటి అవకరాలు వచ్చాయి.

నిజంగా అరుదైనవి మన ఇంటి వెనకాలే ఉన్నాయి. 1987లో మొదలైన మన జూ 5,532 ఎకరాలు. మనం తిరిగి చూసేది అందులో కొంచెమే, మిగతాదంతా శేషాచలం ఒడిలో అడవి. ఆ కొండల్లో నీటి ఊట ఉన్న బండల సందుల్లో బంగారు బల్లి ఉంటుంది, గుడ్లను రాతికే అతికించి పెడుతుంది. 1870లో బెడోమ్ అనే తెల్లదొర దాన్ని మన తిరుపతి కొండల నుంచే లోకానికి తెలియజేశాడు. తర్వాత వందేళ్లకు పైగా శాస్త్రవేత్తల కంటపడలేదు, మళ్లీ 1980లలోనే దొరికింది. రాత్రిపూట తిరిగే దేవాంగ పిల్లి ఉంది, పేరుకే పిల్లి, నిజానికి కోతులకు చుట్టం. పక్కన కడప జిల్లాలో కలివికోడి ఉంది. 1900 తర్వాత ఎవరికీ కనబడక, అంతరించిపోయిందనుకున్న ఆ పిట్ట 1986 జనవరిలో లంకమల దగ్గర ఐతన్న అనే వేటగాడి చేతికి దొరికింది. బోనులో ఎక్కువ రోజులు బతకలేదు. కొన్నిటికి అడవి తప్ప వేరే ఇల్లు లేదు.

నక్షత్ర తాబేలు గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. ఇది మన రాయలసీమ తుప్పల్లో తిరిగేది. ఇంట్లో ఉంటే కలిసొస్తుందనే నమ్మకంతో దొంగచాటుగా అమ్ముతారు. విమానాశ్రయాల్లో సూట్‌కేసుల్లో పట్టుబడ్డ వార్తలు మీరే ఎన్నో వేశారు. మొన్న ఒక పెద్దాయన జూ నుంచి వస్తూ కారులోనే "ఇది ఇక్కడ ఎక్కడన్నా దొరుకుతుందా, ఎంతవుతుంది?" అని అడిగారు. చూడ్డానికి చదువుకున్న మనిషే. దాన్ని పట్టడం, కొనడం, ఇంట్లో పెంచుకోవడం అన్నీ నేరమని చెబితే నమ్మలేదు. 2019లో ప్రపంచ దేశాలు కలిసి దేశాల మధ్య దాని వ్యాపారాన్ని నిషేధించాయి. అంతరిక్షంలోకి పోయిన రాకెట్ గురించి అరపేజీ రాస్తారు, సంతోషమే. మన కంపచెట్ల కింద తిరిగే ఈ జీవి గురించి పావుపేజీ అయినా రాయాలి.

నేను కోరేది పెద్ద పని కాదు. కొత్త జంతువు వచ్చిందని రాసిన ప్రతిసారీ అది ఎక్కడ పుట్టింది, మార్పిడి మీద వచ్చిందా, ఆపదలో నుంచి తెచ్చారా, క్వారంటైన్ దాటి జనానికి ఎప్పటి నుంచి కనబడుతుంది అన్నది అధికారులను అడిగి రెండు లైన్లు కలపండి. దసరా సెలవులకు రద్దీ మొదలవుతుంది, ఆలోపే మొదలుపెడితే మేలు. మీరు వేసిన ఆ వార్తను కత్తిరించి కారులో పెట్టుకుంటాను. జూకు పోదామన్న ప్రతి కుటుంబానికీ అలిపిరి నుంచి గేటు దాకా చదివి వినిపించే పూచీ నాది.

ఇట్లు,
మీ పాఠకుడు,
టూరిస్టు కారు డ్రైవరు,
పేరూరు, తిరుపతి.