పూల్ నీళ్లు కొలిచే పని ఇంటివాళ్లదే

సంపాదకులు గారికి,

నమస్కారం.

ఎండలు ముదిరేసరికి మొయినాబాద్, చేవెళ్ల, శంకర్‌పల్లి, శామీర్‌పేట వైపు ఫాంహౌసుల్లో, నగరం చుట్టూ ఉన్న విల్లాల్లో పిల్లలు పొద్దస్తమానం స్విమ్మింగ్ పూల్‌లోనే ఉంటారు. ఆ నీళ్ల సంగతేమిటని యజమానుల్ని అడిగితే ఎక్కువగా వినిపించే జవాబు ఒకటే: ‘మెయింటెనెన్స్ అబ్బాయి వారానికి రెండుసార్లు వచ్చి మందు వేసి వెళ్తాడు.’ వేయకముందు నీళ్లలో ఎంత క్లోరిన్ ఉంది, వేశాక ఎంతకు వచ్చింది అని అడిగితే మాత్రం జవాబు దొరకదు. పూల్ ఉన్న ప్రతి ఇంట్లో కనీసం ఒక్కరికైనా నీళ్లు పరీక్షించడం వచ్చి తీరాలి. మందు వేసే పని ఇంకొకరికి అప్పజెప్పినా, కొలిచే పనిని పూర్తిగా వాళ్లకే వదిలేయకూడదు.

కారణం మామూలు లెక్కే. సోమవారం పొద్దున వేసిన క్లోరిన్ గురువారం దాకా నిలవదు. ఎండకు క్లోరిన్ పోకుండా కాపాడే మందు, స్టెబిలైజర్, లేని నీళ్లలోనైతే ఎర్రటి ఎండకు రెండు మూడు గంటల్లో దాదాపు అంతా పోతుంది. స్టెబిలైజర్ ఉన్నా మన వేసవిలో రోజుకు 2 నుంచి 4 పీపీఎం ఖర్చవడం మామూలే. పీపీఎం అంటే వెయ్యి లీటర్లకు ఒక గ్రాము. ఆదివారం పాతికమంది దిగితే చెమట, సన్‌స్క్రీన్, ఎవరూ పైకి చెప్పని మూత్రం అన్నీ కలిసి మిగిలిన క్లోరిన్‌ను ఆ పూటే తినేస్తాయి. మెయింటెనెన్స్ అబ్బాయి ఎంత నిజాయితీపరుడైనా, మధ్యలో రెండు రోజులు ఆ నీళ్లలో ఏముందో అతనికి తెలిసే వీల్లేదు.

నీళ్లు తేటగా ఉన్నాయి కదా అని ధైర్యపడతారు. నీళ్లు తేటగా కనపడటానికి ఫిల్టర్ చాలు. క్రిములు చావాలంటే క్లోరిన్ ఉండాలి, అదీ తగినంత. అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ లెక్క ప్రకారం స్టెబిలైజర్ లేని 25 డిగ్రీల నీళ్లలో, పీహెచ్ 7.5 దగ్గర, 1 పీపీఎం ఫ్రీ క్లోరిన్ (దేనితోనూ కలవకుండా మిగిలి, క్రిముల్ని చంపగలిగేది) ఉంటే ఈ.కోలి నిమిషంలోపే చస్తుంది. గియార్డియా అనే క్రిమికి సుమారు 45 నిమిషాలు పడుతుంది. నీళ్ల విరేచనాలు పట్టించే క్రిప్టోస్పోరిడియం పది రోజులకు పైగా బతుకుతుంది. అందుకే విరేచనాలవుతున్న పిల్లల్ని పూల్‌లోకి దింపొద్దని అంత గట్టిగా చెబుతారు. కేరళలో 2024, 2025లో అమీబా మెదడువాపు కేసుల వార్తలు చదివినవాళ్లు భయపడటం సహజం. ఆ అమీబా పెరిగేది గోరువెచ్చని, ఉప్పు లేని నీళ్లలో, ఒంట్లోకి వెళ్లేది ముక్కు ద్వారా. తగినంత క్లోరిన్ ఎప్పుడూ నిలిచి ఉన్న నీళ్లలో అది బతకదు. ఆ ‘ఎప్పుడూ’ అన్నది ఇంటివాళ్లు కొలుచుకుంటేనే తేలుతుంది.

ఇక దేనితో కొలవాలి? మన దగ్గర ఎక్కువగా వాడే చవక పెట్టెలో ఒక సీసా నుంచి చుక్కలు వేస్తే నీళ్లు పసుపు రంగుకు తిరుగుతాయి. దాన్ని ఓటీవో పరీక్ష అంటారు. అది చూపించేది మొత్తం క్లోరిన్‌ను. చెమటతో, మూత్రంతో కలిసి నీరసించిపోయిన క్లోరిన్ కూడా ఆ పసుపులో లెక్కకొస్తుంది. కళ్లు మండించేది, ‘అబ్బ, క్లోరిన్ వాసన’ అనిపించేది సరిగ్గా ఈ నీరసించిన భాగమే. ఘాటు వాసన వస్తోందంటే క్లోరిన్ ఎక్కువైందని కాదు, చాలడం లేదని. ఓటీవో గొట్టం చిక్కటి పసుపు చూపిస్తున్న నీళ్లలో క్రిముల్ని చంపగల ఫ్రీ క్లోరిన్ సున్నాకు దగ్గరగా ఉండొచ్చు. పైగా ఆ మందు విషపూరితం, పరీక్షించిన నీళ్లను తిరిగి పూల్‌లో పారబోయకూడదు. ముంచి తీసే కాగితపు స్ట్రిప్పులు క్లోరిన్ ఉందా లేదా అన్నంతవరకే పనికొస్తాయి. వాటి మీద స్టెబిలైజర్ రంగును నమ్ముకుని మందు కొలవడం మాత్రం మంచిది కాదు.

కొనాల్సింది డీపీడీ పరీక్ష. మాత్రల రూపంలో దొరికే డీపీడీ-1 ఫ్రీ క్లోరిన్‌ను, దాని మీద డీపీడీ-3 వేస్తే మొత్తాన్ని చూపిస్తాయి. దీనికీ ఒక లోపం ఉంది. క్లోరిన్ 10 పీపీఎం దాటితే ఈ మందుతో నీళ్లకు వచ్చే గులాబీ రంగు ఒక్క క్షణం మెరిసి మాయమవుతుంది. చూసినవాళ్లు ‘క్లోరిన్ సున్నా’ అనుకుని ఇంకో కిలో వేస్తారు. ఈ బెడద లేనిది చుక్కలు లెక్కపెట్టే డీపీడీ. 10 మిల్లీలీటర్ల నీళ్లలో చిన్న చెంచాడు పొడి కలిపితే గులాబీ రంగు వస్తుంది. రంగు పూర్తిగా పోయేదాకా రెండో సీసా నుంచి ఒక్కో చుక్కా వేస్తూ, గొట్టాన్ని తిప్పుతూ లెక్కపెట్టాలి. చుక్కకు 0.5 పీపీఎం. ఎనిమిది చుక్కలకు రంగు పోతే 4 పీపీఎం. ఆ తర్వాత మూడో సీసా నుంచి ఐదు చుక్కలు వేస్తే, నీరసించిన క్లోరిన్ ఉన్నప్పుడు రంగు తిరిగి వస్తుంది. అది పోవడానికి ఒక్క చుక్క కంటే ఎక్కువ పట్టిందంటే, అంటే 0.5 పీపీఎం దాటిందంటే, నీళ్లలో మురికి పేరుకుంటోందని అర్థం. రంగుల్ని పోల్చి చూడక్కర్లేదు కాబట్టి కంటిచూపు తగ్గిన పెద్దవాళ్లు కూడా దీన్ని చేయగలరు.

నీళ్లు తీసే పద్ధతిలోనే సగం తప్పులు జరుగుతాయి. మోటార్ అరగంట తిరిగాక, ఫిల్టర్ నీళ్లు తిరిగొచ్చే రంధ్రానికి దూరంగా, మోచేతి లోతులో తీయాలి. పైపైన ముంచితే ఎండ తగిలి క్లోరిన్ తగ్గిన పొర చేతికొస్తుంది. గొట్టాన్ని అదే నీళ్లతో మూడుసార్లు కడగాలి. మూతికి వేలు అడ్డంపెట్టి ఊపకూడదు. సీసాను నిటారుగా పట్టుకోవాలి, వంచితే చుక్క సైజు మారిపోతుంది. కిట్‌ను మోటార్ గదిలో యాసిడ్ డబ్బా పక్కన పెట్టడం మరీ మామూలైపోయింది. మే నెలలో ఆ గది కొలిమి, ఆ వేడికి, ఆ ఆవిరికి మందులు పాడైపోతాయి. ఇంట్లో నీడపట్టున పెట్టుకుని, ఏడాదికోసారి కొత్త మందులు తెచ్చుకోవాలి.

యజమానులకు అన్నిటికంటే తక్కువ తెలిసినదీ, అన్నిటికంటే ఎక్కువ ఖర్చు తెచ్చిపెట్టేదీ స్టెబిలైజర్. అసలు పేరు సయన్యూరిక్ యాసిడ్. ఎండకు క్లోరిన్ ఎగిరిపోకుండా పట్టి ఉంచుతుంది. 30 నుంచి 50 పీపీఎం ఉంటే మేలే. పూల్‌లో వేసే టీసీసీఏ (ట్రైక్లోరోఐసోసయన్యూరిక్ యాసిడ్) మాత్రల్లో క్లోరిన్‌తోపాటు ఇదీ ఉంటుంది. క్లోరిన్ ఖర్చయిపోతుంది, ఇది పోదు. ఎండకు ఆవిరవదు, ఫిల్టర్‌లో ఆగదు. ఒక లెక్క చూడండి. 8 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, సగటున 1.25 మీటర్ల లోతు ఉన్న పూల్‌లో 40,000 లీటర్లు పడతాయి. 200 గ్రాముల టీసీసీఏ మాత్ర ఒకటి ఆ నీళ్లకు 4.5 పీపీఎం క్లోరిన్, 2.7 పీపీఎం స్టెబిలైజర్ ఇస్తుంది. రోజుకు 3 పీపీఎం ఖర్చయ్యే వేసవిలో మూడు రోజులకు రెండు మాత్రలు కావాలి. ఆ లెక్కన నెలకు 54 పీపీఎం స్టెబిలైజర్ చేరుతుంది. మార్చిలో సున్నాతో మొదలుపెట్టినా మే ఆఖరుకు 160 దాటుతుంది.

అయితే ఏమవుతుందంటే, ఫ్రీ క్లోరిన్ కనీసం స్టెబిలైజర్ అంకెలో 7.5 శాతం ఉండాలన్నది ఇంటి పూల్‌లకు పనికొచ్చే కొలత. స్టెబిలైజర్ 40 ఉంటే 3 పీపీఎం సరిపోతుంది. 160కి చేరితే 12 కావాలి. కిట్‌లో 2 పీపీఎం కనపడుతూనే ఉంటుంది, నీళ్లు మాత్రం పచ్చబడతాయి. అప్పుడు నాచు మందు అంటారు, మైలుతుత్తం వేస్తారు, పటిక వేస్తారు. మైలుతుత్తంలోని రాగి తెల్లజుట్టుకు పచ్చరంగు పట్టిస్తుంది, గోడల మీద మరకలు వేస్తుంది. జబ్బు ఒకటి, మందు ఇంకొకటి. స్టెబిలైజర్ 160 నుంచి 40కి రావాలంటే నీళ్లలో మూడొంతులు, అంటే 30,000 లీటర్లు మార్చడమే ఆచరణలో ఉన్న దారి. 5,000 లీటర్ల ట్యాంకర్లు ఆరు. వేసవిలో తాగునీటికే ట్యాంకర్ల కోసం ఎదురుచూసే ఊళ్లో అన్ని నీళ్లు పారబోయడం బాధాకరం. నెలకోసారి పరీక్షించుకుంటే ఆ అవసరమే రాదు. వానాకాలంలోనైతే భూగర్భజలం పైకి ఉన్నప్పుడు పూల్ మొత్తం ఖాళీ చేయకూడదు. కింది నుంచి నీళ్లు తన్ని గచ్చు పగులుతుంది.

స్టెబిలైజర్ పరీక్ష చేయడం ఇలా: చిన్న సీసాలో సగం పూల్ నీళ్లు, సగం ఆ పరీక్షకు ఇచ్చే మందు పోసి అర నిమిషం ఊపాలి. ఒక నిమిషం ఆగి మళ్లీ ఊపాలి. అడుగున నల్ల చుక్క ఉన్న గొట్టంలోకి కొద్దికొద్దిగా పోస్తూ పైనుంచి చూడాలి. చుక్క కనపడకుండా పోయిన చోట ఉన్న గీతే లెక్క. ఆరుబయట, సూర్యుడు వీపువైపు ఉండగా, గొట్టాన్ని నడుము ఎత్తులో పట్టుకుని చేయాలి. ఇంట్లో ట్యూబ్‌లైట్ కింద చేస్తే లెక్క తప్పుతుంది. 100 గీత దగ్గరే చుక్క మాయమైతే పూల్ నీళ్లలో సగానికి సగం కుళాయి నీళ్లు కలిపి మళ్లీ చేసి, వచ్చిన అంకెను రెట్టింపు చేసుకోవాలి.

వారానికి రెండుసార్లు వచ్చిపోయే వాళ్లెవరూ చేయలేని పరీక్ష ఒకటుంది. సూర్యుడు అస్తమించాక మోటార్ నడుస్తుండగా ఫ్రీ క్లోరిన్ కొలవండి. తెల్లవారుజామున ఎండ పడకముందే మళ్లీ కొలవండి. రాత్రి ఎండ లేదు, ఎవరూ దిగలేదు. అయినా 1 పీపీఎం కంటే ఎక్కువ తగ్గిందంటే కంటికి కనపడని నాచు నీళ్లలో పెరుగుతోందన్నమాట. నీళ్లు పచ్చబడక ముందే విషయం తెలుస్తుంది. అప్పుడు తక్కువ ఖర్చుతో బయటపడొచ్చు.

మన బోరు నీళ్లకు ఇంకో సమస్య. చాలాచోట్ల కఠినత్వం, అంటే నీళ్లలో కరిగి ఉన్న సున్నం లాంటి లవణాలు, 500 పీపీఎం దగ్గర ఉంటుంది. పైన చెప్పిన పూల్ నుంచి రోజుకు 7 మిల్లీమీటర్లు ఆవిరైతే 224 లీటర్లు పోసి నింపాలి. ఆవిరయ్యేది నీళ్లు మాత్రమే, సున్నం లోపలే మిగులుతుంది. అలా నెలకు 84 పీపీఎం పెరుగుతుంది. టైల్స్ అంచున కట్టే తెల్లటి పెచ్చు, గరుకుబారే మెట్లు అందుకే. అలాంటి నీళ్లలో కాల్షియం హైపోక్లోరైట్ అనే క్లోరిన్ మందు వాడితే సున్నానికి సున్నం తోడవుతుంది. మా సలహా ద్రవ రూపంలోని సోడియం హైపోక్లోరైట్ (హైపో). పై పూల్‌కు 3 పీపీఎం పెంచాలంటే 10 శాతం హైపో 1.2 లీటర్లు చాలు. ఎండకు దాని బలం వారాల్లోనే తగ్గిపోతుంది కాబట్టి తాజాది, కొద్దికొద్దిగా తెచ్చుకోవాలి. సాయంత్రం, మోటార్ నడుస్తుండగా నీళ్లు తిరిగొచ్చే రంధ్రం ముందు నెమ్మదిగా పోయాలి.

పీహెచ్ 7.2, 7.8 మధ్య ఉండాలి. పరీక్షకు ఫినాల్ రెడ్ చుక్కలు. క్లోరిన్ 10 పీపీఎం దాటి ఉన్నప్పుడు అవి ఊదారంగుకు తిరిగి తప్పు చెబుతాయి, అది దిగాకే చూడాలి. పీహెచ్ 8 నుంచి 7.5కి దించాలంటే ఎంత యాసిడ్ పోయాలన్నది క్షారత (ఆల్కలినిటీ), అంటే పీహెచ్ మారకుండా నీళ్లు తట్టుకునే గుణం, మీద ఆధారపడుతుంది. క్షారత 100 ఉంటే పై పూల్‌కు 30 శాతంపైన ఉన్న హైడ్రోక్లోరిక్ యాసిడ్ సుమారు 400 మిల్లీలీటర్లు, బోరు నీళ్లలో తరచూ కనపడే 300 ఉంటే 1.2 లీటర్లు. అందరికీ ఒకే ‘మగ్గు యాసిడ్’ అన్న పద్ధతి ఇక్కడే బెడిసికొడుతుంది. ఏదైనా ముందు సగం పోసి, గంట తర్వాత కొలిచి మిగతాది పోయాలి. యాసిడ్, క్లోరిన్ మందు ఒకే మగ్గుతో ముట్టకూడదు. రెండూ కలిస్తే విషవాయువు పుడుతుంది. టీసీసీఏ, బ్లీచింగ్ పౌడర్ కలిస్తే మంటలు లేస్తాయి, పేలొచ్చు కూడా.

డల్లాస్, ఫీనిక్స్ లాంటి చోట్ల పూల్ ఉన్న ఇళ్లు కొనుక్కున్న మనవాళ్లు నీళ్లు సీసాలో పట్టుకెళ్లి పూల్ సామాన్ల దుకాణంలో ఉచితంగా పరీక్ష చేయించుకుంటారు. ఎండలో కారులో వెళ్లేసరికే ఆ సీసాలో క్లోరిన్ తగ్గుతుంది. పైగా లెక్క చెప్పేవాళ్లూ, దాన్నిబట్టి డబ్బాలు అమ్మేవాళ్లూ ఒకరే. అక్కడా మంచి కిట్ ఒకటి ఇంట్లో ఉండటమే మేలు.

రోజూ ఫ్రీ క్లోరిన్, పీహెచ్. వారానికి క్షారత. నెలకు స్టెబిలైజర్, కఠినత్వం. గట్టి వాన పడ్డా, పెద్ద పార్టీ జరిగినా వెంటనే మళ్లీ. రోజువారీ పరీక్షకు ఐదు నిమిషాలు చాలు. ఒక నోటు పుస్తకం మోటార్ గది తలుపుకు వేలాడదీసి తేదీ, అంకెలు, వేసిన మందు రాయించండి. మెయింటెనెన్స్ వాళ్లకు ఇది అవమానమేమీ కాదు. పని తెలిసినవాళ్లు అంకెలు రాయడానికి వెనకాడరు. పూల్ కట్టించి ఇచ్చే కాంట్రాక్టర్లు తాళాలతోపాటు డీపీడీ కిట్ కూడా యజమాని చేతికిచ్చి, ఒకసారి దగ్గరుండి చేయించాలి. శని, ఆదివారాల్లో ఫాంహౌస్ అద్దెకిచ్చేవాళ్లు ఆ పూట కొలిచిన క్లోరిన్, పీహెచ్ గేటు దగ్గర బోర్డు మీద రాసిపెట్టాలి. అద్దెకు తీసుకునేవాళ్లు పిల్లల్ని నీళ్లలోకి దింపేముందు ఆ అంకెలు అడగాలి. చెప్పలేకపోతే దింపకూడదు. లోతువైపు అడుగున ఉండే జాలీ గట్టు మీద నుంచి స్పష్టంగా కనపడకపోతే అంకెలు ఏవైనా సరే దింపకూడదు.

ఇట్లు,
స్విమ్మింగ్ పూల్ నిర్వహణ, నీటి పరీక్షల పనిలో ఉన్న కొందరం,
హైదరాబాద్