కప్పులో కప్ప: మన పాత మగ్గుల బృందం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

టోబీ జగ్గులు (మనిషి ఆకారంలో ఉండేవి), పజిల్ జగ్గులు (కిటుకు తెలియకపోతే తాగేవాడి మీదే ఒలికేవి) అన్నీ సేకరిద్దామని ఉగాది మీటింగులో గట్టిగానే అనుకున్నాం. చందాల డబ్బా తెరిచి చూసుకున్నాక ఒక్కదానితో సరిపెట్టుకున్నాం: ఫ్రాగ్ మగ్గు. మనలో ఎక్కువమంది ఉండేది ఈశాన్య ఇంగ్లండులోని సండర్లాండ్ చుట్టుపక్కలే కాబట్టి ఈ ఊరి కుమ్మరుల పనితో మొదలుపెట్టడమే సబబు.

కొత్తవారి కోసం నాలుగు మాటలు. 18వ శతాబ్దం చివరి నుంచి 19వ శతాబ్దమంతా ఇంగ్లండులో ఈ మగ్గులు చేశారు. బయటికి మామూలు బీరు మగ్గే. లోపలి గోడనో అడుగునో ఒక మట్టికప్ప అంటుకుని ఉంటుంది. కొన్నిట్లో కప్ప బోలుగా, నోటికి చిల్లుతో ఉంటుంది. వంచి తాగుతుంటే ఆ నోట్లోంచి బీరు బుడబుడమని వస్తుంది. తాగేవాడి గతి మీరే ఊహించుకోండి.

మనం కొన్న మొదటి మగ్గు మీద సండర్లాండ్‌లో వేర్ నది మీద కట్టిన ఇనుప వంతెన బొమ్మ ఉంది. రాగి రేకు మీద చెక్కి, పల్చటి కాగితంతో మట్టిపాత్రకు దించిన అచ్చు అది. ఆ వంతెన తెరిచింది 1796లో. అలాగని మగ్గు కూడా అప్పటిదే అనుకోకండి, ఆ బొమ్మను దశాబ్దాల తరబడి వేస్తూనే ఉన్నారు. చుట్టూ ఉన్న గులాబీ మెరుపు మాత్రం బంగారం కలిపిన పూత వల్ల వచ్చిందే. ఈ సంగతి చెబితే మా అత్తగారు మగ్గును కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, చీర కొంగుతో తుడిచి మరీ చూశారు. లోపలికి తొంగిచూసి, "ఇంతకీ కప్పు కొన్నారా, కప్పను కొన్నారా?" అన్నారు.

దీపావళికి పిల్లల కోసం కొత్తగా చేసిన నకలు మగ్గులో మజ్జిగ పోశాం. పాతవాటి మెరుగు పూతలో సీసం ఉంటుంది, వాటిలో ఏమీ తాగకూడదు. మజ్జిగ సగానికి దిగేసరికి తెల్లటి మీగడ పూసుకున్న రెండు కళ్లు పైకి తేలాయి. ఒక బుడ్డోడు మగ్గు వదిలేసి పరుగు. కార్పెట్ ఉతికించిన ఖర్చు లెక్కల్లో చూపించాం.

రెండో మగ్గు సంగతి చెప్పడానికి కొంచెం సిగ్గుగా ఉంది. ఆన్‌లైన్ వేలంలో ఫొటోలు చూసి మురిసిపోయాం. ఇంటికొచ్చాక యూవీ (అతినీలలోహిత) లైటు వేస్తే పిడి సగం, కప్ప వెనక కాలు వేరే రంగులో మెరిశాయి. విరిగినవి అతికించి పైన రంగు వేశారు. ఉత్తరాల మీద ఉత్తరాలు రాస్తే సగం డబ్బు వెనక్కి వచ్చింది. మగ్గు లోపలి ఫొటో అడగకపోవడం నా తప్పే. ఇకమీదట లోపలిది, అడుగుది ఫొటోలు చూడకుండా కొనేది లేదు. అడుగున నేలకు ఆనే అంచు అరిగి ఉండాలి. ఆనని చోట కూడా అరుగుదల ఉంటే, కావాలని పాతదిలా చేశారేమోనని అనుమానించాలి.

సండర్లాండ్ మ్యూజియంకి ఒకసారి వెళ్లొచ్చాం. వచ్చే ఏడాది టోబీ జగ్గుల కోసం ఇంగ్లండులోనే కుండల పనికి పేరున్న స్టోక్-ఆన్-ట్రెంట్ వెళ్దామని ఉంది. చందాలు సంక్రాంతిలోపు కట్టేయండి. మగ్గులు రెండూ కోశాధికారి గారింట్లో ఉన్నాయి. ఎప్పుడైనా వచ్చి చూడొచ్చు, పిడి పట్టుకుని మాత్రం ఎత్తకండి.

మీ కార్యదర్శి