బొమ్మల వెనుక కాగితాలు

సంపాదకులకు,

నార్మన్ మెక్‌లారెన్‌ను మన ఫిల్మ్ సొసైటీలు యానిమేషన్ మాంత్రికుడిగానే పరిచయం చేస్తుంటాయి. గ్లాస్గోలో విద్యార్థిగా ఉండగా శిల్పి హెలెన్ బిగ్గర్‌తో కలిసి 1936లో ఆయన తీసిన ‘హెల్ అన్‌లిమిటెడ్’ మాత్రం ఆయుధ వ్యాపారాన్ని బొమ్మలతో, రేఖాచిత్రాలతో ఎండగట్టి, పార్లమెంటు సభ్యులకు ఉత్తరాలు రాయమనీ, వీధుల్లోకి రమ్మనీ ప్రేక్షకులను నేరుగా కోరిన మూగచిత్రం. అదే ఏడాది ఆయన కెమెరాతో అంతర్యుద్ధపు స్పెయిన్‌కు వెళ్లారు. బిగ్గర్ 1938 నాటి గ్లాస్గో మేడే ఊరేగింపును చిత్రీకరించారు. తర్వాత కెనడాలో స్థిరపడి, యునెస్కో తరఫున మన దేశంలోనూ పనిచేసిన మెక్‌లారెన్ పేరు నిలిచింది. బిగ్గర్ పేరు, అన్యాయంగానే, మరుగున పడింది. స్టర్లింగ్ విశ్వవిద్యాలయం భద్రపరచిన మెక్‌లారెన్ ఉత్తరాలు, పత్రాల నకళ్లను తగిన అనుమతితో తెప్పించి, ఇద్దరి చిత్రాల పక్కనే ప్రదర్శించాలని ఆ సొసైటీలకు మీ పత్రిక ద్వారా విన్నవిస్తున్నాను.

– ఒక పాఠకుడు, విజయవాడ