ఆ జోకు ఎవరి మీద?

సంపాదకులకు నమస్కారం.

అమెరికన్ ర్యాప్ గాయకుడు ఎమినెమ్ ఆల్బమ్ 'ద డెత్ ఆఫ్ స్లిమ్ షేడీ' మీద మీరు వేసిన వ్యాసం చదివాను. 2024 జులై 12న వచ్చిన ఈ ఆల్బమ్ చూసి విమర్శకులు చాలామంది పెదవి విరిచారు. అమ్మకాల్లో మాత్రం అమెరికాలో నంబర్ వన్. 12 వారాలు ఆ జాబితా పైన కూర్చున్న గాయని టేలర్ స్విఫ్ట్ ఆల్బమ్‌ను దింపేసింది. 'జనం వింటున్నారు కదా, విమర్శకులకేం తెలుసు' అని మీ వ్యాసకర్త తేల్చేశారు. అదే నాకు మింగుడు పడలేదు.

మొన్న రాత్రి కరెంటు పోయి డాబా మీద కూర్చుంటే మా చిన్నోడు ఒక ఇయర్‌ఫోన్ నా చెవిలో పెట్టి, "ప్రాస చూడు బాపూ" అన్నాడు. నిజమే, ఆ నాలుకకు దండం పెట్టాలె. మాట మీద మాట, ఎక్కడా ఊపిరి తీసుకున్నట్టే లేదు. అర్థం చెప్పమన్నాను. వాడు కాసేపు నసిగాడు. 1995లో గుర్రం మీంచి పడి మెడ కింది భాగమంతా చచ్చుబడిన నటుడు క్రిస్టోఫర్ రీవ్ మీద జోకులట. ఆయన 2004లోనే పోయాడు!

బూతు మాకు కొత్త కాదు. మా ఊరి ఒగ్గుకథలో వంత పాడే ఆయన తెల్లవార్లూ మోటు జోకులేసేవాడు. అవి దొర మీదో, తన మీదో ఉండేవి. మూలన కర్ర పట్టుకుని కూర్చున్న కుంటి తాత కూడా పడి పడి నవ్వేవాడు.

– ఒక పాఠకుడు, హనుమకొండ